రగడ నడక, రాప్ నడక

కన్నడమును దెలుఁగును నొక్క నాలుకపైఁ గలసి నడచు మా అగళిలో, సాయంకాలము వేరుసెనగ చేనిగట్టునఁ గూర్చుండి, కుఱ్ఱవాండ్ర సెల్‌ఫోనులనుండి వెలువడు రాప్ గీతముల నాలకించుచు, మన లాక్షణికులు అంత్యప్రాసయే సొమ్ముగాఁ గల రగడ ఛందములకుఁ దురగవల్గనము, హరిణగతి, వృషభగతి యని జంతువుల నడకల పేళ్లు పెట్టుటలోని చమత్కారమును నేఁ డెఱింగితిని.

హైదరాబాదు గల్లీల పలుకుబడిని దాళముపై నతికి, పాదాంతమున నిలిచి యూపిరి పీల్చు రాపర్ రోల్ రైడా నాకు వృషభగతిగాఁ దోఁచును. ప్రణవ్ చాగంటి యన్ననో, పదములను గొలుసుగాఁ గూర్చి, ప్రాసను బాదమధ్యముననే విసరి, హరిణమువలెఁ దాళమును దాఁటి మరల దానినే చేరును. తెలుఁగు ద్విత్వాక్షరముల బరువు రాప్‌నకు నడ్డమని కొంద ఱందురు. నాకు మాత్ర మవియే మద్దెల దెబ్బలు. లయ తప్పి, గొంతు పెంచి కప్పిపుచ్చువారి మాట చెప్పనేల?

“ఇది ఏ గతి, తాతా?” యని పక్కనున్న కుఱ్ఱవాఁడు మరియొక పాట పెట్టెను.