కూనవరంలో మా ఇల్లున్న చోటు

మేమిద్దరం కూనవరంలో పందొమ్మిదేళ్లు కాపురం చేశాం. 1984లో పంతుళ్లుగా వచ్చాం. 2003లో పిల్లల పెద్ద చదువుల కోసం భద్రాచలం వెళ్లాం. ముగ్గురు పిల్లలూ ఇక్కడే నడక నేర్చారు, ఇక్కడే పలక పట్టారు. వాళ్లను మేమే పెంచామని అందరితో చెప్పుకుంటాం గానీ సగం పెంపకం శబరి ఒడ్డుది, సంతది, పక్కింటి వాళ్లది.

మొన్న ఎండాకాలం చివర్లో మళ్లీ వెళ్లాం. పోలవరం కింద ఊరు పోతుందనే మాట ఏళ్లుగా వింటున్నదే. ఉండగానే ఒకసారి చూసి రావాలనిపించింది.

భద్రాచలం దాటితే చాలు, ఇప్పుడు వేరే రాష్ట్రం. మేం ఉన్నప్పుడు కూనవరం ఖమ్మం జిల్లాలో ఉండేది. 2014లో ముంపు మండలాలతో పాటు తూర్పుగోదావరిలో కలిపారు. 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి మార్చారు. ఊరు అడుగు కదలలేదు, కాగితాల మీద మాత్రం చాలా దూరం తిరిగింది.

దారిలో ఒకచోట ఆడపిల్లలు రోడ్డుకు అడ్డంగా తాడు పట్టుకుని మా ఆటో ఆపారు. భూమి పండుగ రోజులు. మగవాళ్లు వేటకు పోతే ఆడవాళ్లు దారి కాసి డబ్బులు అడుగుతారు. ఇద్దామని చెయ్యి జేబులో పెడుతూ కోయలో పలకరించాం. ముందు నవ్వారు, తర్వాత రెట్టింపు అడిగారు. మన వాళ్లకైతే బేరం ఉండదట! ఇచ్చేశాం.

కూనవరం దగ్గర శబరి వచ్చి గోదారిలో కలుస్తుంది. ఊరికి అందమూ ఆపదా రెండూ ఈ కలయికే. గోదారి నిండుగా ఉంటే శబరికి పోవడానికి దారి ఉండదు. నీళ్లు వెనక్కి తన్ని ఊళ్లోకి ఎక్కుతాయి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులకు వచ్చింది. అప్పటికి మా పెద్దదానికి ఏడాది నిండలేదు. చంకలో బిడ్డ, నెత్తిమీద బడి రిజిస్టర్లున్న ట్రంకుపెట్టె, అలా మెరక మీదికి ఎక్కాం. తిరిగొచ్చేసరికి ఇంట్లో మోకాలి లోతు బురద, గోడ మీద నీళ్ల గీత. ఇంటాయన సున్నం వేయించినా ఆ గీత మూడేళ్లు కనిపిస్తూనే ఉంది. పిల్ల దాని పక్కన నిలబడి ఎత్తు కొలుచుకునేది.

బడి సంగతి ఒకటి చెప్పాలి, పంతుళ్లు చదువుతారు కాబట్టి. ఒకటో తరగతి పిల్లలకు 'ఏరు' అని రాసి పక్కన వాగు బొమ్మ వేశాం. ఒక పిల్లాడు లేచి పోయి కుండలో నీళ్లు ముంచి తెచ్చాడు. కోయలో ఏరు అంటే నీళ్లు. వాడు చదివింది తప్పెలా అవుతుంది? ఆ రోజు నుంచి మా బడిలో ఆ మాటకు రెండు బొమ్మలు. మా పిల్లలూ ఆ బడిలోనే రెండు భాషల్లో ఎదిగారు.

లెక్కలు మాత్రం సంతే నేర్పింది. మన ఇప్పపువ్వును షావుకారు గుట్టగా కొలుచుకునేవాడు. ఆయన ఉప్పు అమ్మేటప్పుడు అంచు దాకా చదును చేసి పోసేవాడు. మా రెండోవాడు ఏడేళ్లకే అది పట్టుకుని, సంత మధ్యలో గట్టిగా అడిగేశాడు. జనం మూగారు. ఆ ఒక్క పూటకు ఉప్పు కూడా గుట్టగా వచ్చింది.

మేం అద్దెకున్న ఇల్లు ఇప్పుడు లేదు. మొండి గోడా, బావి ఒరా మిగిలాయి. పక్కింటి పడవ అన్న మాత్రం అక్కడే ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవకుండానే అడిగాడు. "ఏం వదినా, మమ్మల్ని సూడ్డానికొచ్చారా, గోదారిని సూడ్డానికొచ్చారా?"

2022 జూలైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చింది. అంకె 86 కంటే తక్కువే. అన్న ఒప్పుకోడు. "అప్పుడు తొందరగా తీసింది. ఈసారి వచ్చి కూకుంది, పోదు" అంటాడు. కారణం మీద ఊళ్లో నాలుగు రకాల వాదనలు విన్నాం. అన్న ఇల్లు ముంపు గీతకు బయట ఉందని సర్వేకు వచ్చినవాళ్లు రాసుకుపోయారట. 41.15 మీటర్లని ఒక గీత, 45.72 అని ఇంకో గీత. మొదటి గీత లోపలున్న వాళ్లకు ముందు పరిహారం, మిగతావాళ్లకు తర్వాత. వరద గీత చూసి రాదు. అన్న ఇల్లు కప్పు దాకా మునిగింది.

గోడలు కొలిచారు, తలుపులు లెక్కపెట్టారు, చెట్లకు విడిగా ధర కట్టారు. అన్న దగ్గరున్న కాగితంలో అన్నీ ఉన్నాయి. పడవ కట్టే రాయి లేదు. చచ్చినవాళ్లకు రాళ్లు నిలబెట్టిన చోటు లేదు. వదిన తునికాకు కోసుకునే గుట్ట ఆమె పేరు మీద లేదు కాబట్టి అదీ లేదు. కాలనీలో ఇల్లు పక్కాగానే ఉంటుందని అన్న కూడా అంటాడు. పొద్దున లేచి ఎటు నడవాలో తెలియదన్నదే ఆయన బాధ.

ప్యాకేజీ గురించి అడగడానికి గ్రామసభలు, సంఘాలు ఉన్నాయి. అడగాలి, గట్టిగానే అడగాలి. మేం చేయగలిగింది చిన్నది. మాతో ఒక నోటుపుస్తకం తీసుకెళ్లాం. రేవులు, మడుగులు, గుట్టలు, చేలు, ఒంటి చెట్లు ఒక్కొక్కటీ కోయలో ఏమంటారో అన్నా వదినా చెబుతుంటే రాసుకున్నాం. మా పెద్దది ఫోనులో గొంతులు పట్టింది. ముంపు ఊళ్లలో పనిచేసే పంతుళ్లు, సెలవులకు ఇళ్లకొచ్చే కాలేజీ పిల్లలు ఒక్క సాయంత్రం ఈ పనికి కూర్చుంటే బాగుంటుంది. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పెద్దవాళ్లు తొందరగా అలసిపోతారు, మధ్యలో టీ పెట్టాలి.

దీపం పెట్టేవేళకు నలభై రెండు పేర్లయ్యాయి. అందులో రెండింటి దగ్గర అన్నకూ వదినకూ మాట కలవలేదు. మడుగు ఇటుందని ఆయన, అటుందని ఆమె. మధ్యలో మేం కల్పించుకోలేదు. ఆ రెండు పేర్లూ రాసి, చోటు దగ్గర ఖాళీ వదిలాం. నీళ్లు తగ్గాక పోయి చూపిస్తానని వదిన అంది.