కిలో బియ్యం, పావుకిలో బీరకాయ

మా మేడ్చల్ దిక్కు మనిషి కాస్త తగ్గి కనిపిస్తే ఎవరైనా ముందు అడిగేది "షుగర్ గిట్ల వచ్చిందా?" అనే. పొట్ట పెంచినవాణ్ని మాత్రం ఎవరూ ఏమీ అడగరు. వాడు సుఖంగా ఉన్నట్టు లెక్క. న్యూజెర్సీలో కొంత బరువు దించుకుని వచ్చిన నాకు ఈసారి ఊళ్లో ఈ ప్రశ్నకు జవాబు చెప్పడమే పనైంది. మా అక్క అయితే వినిపించుకోలేదు. పళ్లెంలో అన్నం గుట్టగా పెట్టి, నడుమ గుంట చేసి పప్పు పోసి, "గింత తింటే ఏమైతది తమ్మీ, అమెరికాల ఎండిపోయినవ్" అంది.

మర్నాడు వంటింట్లో కూర్చుని చూశాను. అయిదుగురం ఉన్నాం. కొలిచి ఎసట్లో పోసిన బియ్యం కిలో. పీట మీద తరిగిన బీరకాయలు పావుకిలో ఉంటాయేమో. అంటే మనిషికి 200 గ్రాముల బియ్యం, 50 గ్రాముల కూర. ముందు పప్పుకు ఒక వాయి అన్నం, తర్వాత పచ్చిపులుసుకు, చివర పెరుగుకు. బీరకాయ కూర పళ్లెం అంచున రెండు చెంచాలు. నిజానికి మనం అన్నంతో కూర తినడం లేదు, అన్నం దిగడానికి కూర నంజుకుంటున్నాం.

లెక్క వేసుకోండి. 200 గ్రాముల బియ్యమంటే దాదాపు 700 కేలరీలు. రెండు పూటలకు 1,400. పొద్దున ఇడ్లీ, దోశ వేరే. మేడ్చల్ నుంచి గంట ప్రయాణంలో తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూర్‌లో పుట్టి 1958లో హైదరాబాద్‌కు వచ్చిన సంస్థ. రోజుకు 2,000 కేలరీలు తినేవారికి వాళ్లు చెప్పే భోజనంలో బియ్యం, గోధుమ, జొన్న అన్నీ కలిపి 250 గ్రాములే. కూరగాయలు, ఆకుకూరలు, దుంపలు కలిపి 400 గ్రాములు, పండ్లు మరో 100. మా అక్క వంటింట్లో ఈ లెక్క పూర్తిగా తలకిందులు.

ఇందులో అక్క తప్పేం లేదు. మా తాతల కాలంలో ఈ ప్రాంతంలో వరి పండేది చెరువుల కింద, బావుల కింద. మెట్ట చేలల్లో జొన్న, మక్క. ఇంట్లో జొన్న రొట్టె, గటక, అంబలి. వరి బువ్వ పండక్కి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక పేదవాడి ఇంట్లోనూ రోజూ తెల్లన్నం ఉడికింది. ఆకలి తెలిసినవాళ్లెవరూ ఆ పథకాన్ని తప్పుపట్టరు, నేనూ పట్టను. 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యమే ఇస్తున్నారు.

మారింది ఒంటి పని. శామీర్‌పేట, మేడ్చల్ చుట్టూ ఉన్న ద్రాక్ష తోటలు చాలావరకు వెంచర్లయ్యాయి. నాగలి పట్టిన ఇంటి పిల్లలు జీనోమ్ వ్యాలీ కంపెనీల్లో, రింగు రోడ్డు పక్క గోదాముల్లో, కాబ్ స్టీరింగు వెనక ఉన్నారు. పొద్దంతా దున్నినవాడి పళ్లెం, పొద్దంతా కూర్చున్నవాడికి వారసత్వంగా వచ్చింది.

ఔటర్ మీద రోజూ హైటెక్ సిటీకి పోయొచ్చే మా మేనల్లుడికి స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ అని తేలింది. బావకు అంతుబట్టలేదు. "తాగనోనికి లివర్ ఖరాబయ్యుడేంది?" అని నన్నడిగాడు. ఖర్చు కాని పిండిపదార్థం కాలేయంలో కొవ్వుగా చేరుతుంది, దానికి మందు సీసాతో పనిలేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందిలో ఇదే కనిపించింది. 2025లో అచ్చయిన అధ్యయనమది.

పైగా మన ఒంటి తీరే వేరు. పుణె డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్కిన్ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో 2004లో లాన్సెట్‌లో వచ్చింది. ఇద్దరి బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు) 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2. అందుకే బీఎంఐ తెల్లవాళ్లకు 25 దాటితే అధిక బరువు, మనకు 23 దాటితే చాలు. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే బీపీ, షుగర్, గుండె జబ్బు వాకిట్లోకి వచ్చినట్టే. అమెరికా డయాబెటిస్ సంఘం కూడా 2015 నుంచి ఆసియా వాళ్లకు 23 దగ్గరే షుగర్ పరీక్ష చేయమంటోంది. నాకు అక్కడి డాక్టరు చెప్పే దాకా ఈ సంగతి తెలియదు.

డైట్ల విషయానికొస్తే మనవాళ్లకు కొదవేముంది? వీరమాచనేని రామకృష్ణ కొబ్బరినూనె, నిమ్మకాయల పద్ధతి ఊపందుకున్న రోజుల్లో న్యూజెర్సీలో మేముండే ఎడిసన్‌లోనూ వాట్సాప్ నిండా అదే చర్చ. అన్నం మానేస్తే బరువు, షుగర్ దిగే మాట నిజమే. కానీ షుగర్ మాత్రలు వేసుకుంటూనే డాక్టరుకు చెప్పకుండా అన్నం ఆపేస్తే చక్కెర పడిపోయి కళ్లు తిరుగుతాయి. పెళ్లిళ్ల సీజన్ రాగానే శామీర్‌పేట రోడ్డు మీది ఫంక్షన్ హాల్లో బగారన్నం ముందు ఆ వ్రతం ముగుస్తుంది. తర్వాత ఖాదర్ వలీ సిరిధాన్యాలు. పీచు ఎక్కువ, మంచివే. కొర్రలైనా గుట్టగా పెట్టుకుంటే కేలరీలు మాత్రం బియ్యానికి దగ్గరగానే ఉంటాయి. ఇప్పుడు మౌంజారో లాంటి బరువు తగ్గించే ఇంజెక్షన్ల వంతు. "వచ్చేటప్పుడు అమెరికా నుంచి తెస్తవా?" అని ఇద్దరు ముగ్గురు చుట్టాలు అడిగారు. మౌంజారో 2025 మార్చి నుంచి ఇక్కడే దొరుకుతోంది. అవసరమైనవాళ్లకు డాక్టరు రాస్తాడు. సూది పొడిచినా వంటింటి లెక్క మనమే మార్చుకోవాలి.

ఎంత తగ్గాలన్నది కూడా భయపడేంత కాదు. అమెరికాలో షుగర్ అంచున ఉన్నవాళ్ల మీద చేసి 2002లో ప్రకటించిన పెద్ద అధ్యయనంలో పెట్టిన లక్ష్యం ఏడు శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక. దాంతోనే షుగర్ బారిన పడేవాళ్లు 58 శాతం తగ్గారు. 80 కిలోల మనిషికి ఏడు శాతమంటే అయిదారు కిలోలు. ఫొటోలో తేడా పెద్దగా కనిపించదు, ఒంట్లో కనిపిస్తుంది.

ఉన్నన్నాళ్లూ అక్కతో బేరమాడాను. అరకిలో బియ్యం, కిలో బీరకాయ. పప్పు పలచగా కాకుండా గట్టిగా. రాత్రికి ఒక జొన్న రొట్టె, గుడ్డు కూర. నూనె సీసా వంచి పోయకుండా చెంచాతో. న్యూజెర్సీలో డాలర్లు పెట్టి వాడిపోయిన పుంటికూర కొనే నాకు, పొద్దున్నే చేలనుంచి వచ్చిన తోటకూర, పాలకూర కట్టలు చూస్తే ప్రాణం లేచొస్తుంది. చుట్టూ ఇన్ని కూరగాయలు పండించి నగరానికి పంపే ఊళ్లలో కూర పావుకిలో వండటం నాకు మింగుడుపడని విషయం. బావ రెండు రోజులు సణిగాడు, మూడోనాడు కూర చాల్లేదన్నాడు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. ఎంత వండినా అందరూ తిన్నాక చివర కూర్చునేది అక్కే. అప్పటికి కూర గిన్నె ఖాళీ. మిగిలిన అన్నం పారేయబుద్ధి కాక పచ్చడితో, పెరుగుతో ఆమే తినేస్తుంది. మోకాళ్ల నొప్పి ఆమెకే, బీపీ మాత్ర ఆమెకే. తెలంగాణలో ప్రతి పదిమంది స్త్రీలలో ముగ్గురు అధిక బరువుతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. వాళ్లలో ఎంతమంది ఆఖరి పంక్తివాళ్లో ఆ సర్వే చెప్పదు. కాబట్టి వడ్డన మొదలుపెట్టే ముందే వండినామె వాటా కూర ఒక గిన్నెలో తీసి పక్కన పెట్టండి. ముప్ఫై దాటినవాళ్లకు సర్కారు దవాఖానాల్లో బీపీ, షుగర్ పరీక్షలు ఉచితం. మీరు పోయేటప్పుడు ఆమెనూ వెంట తీసుకుపోండి.