మా తోట, మన తోట

అమెరికా బడిలో స్పానిష్ నేర్చుకుంటున్న మా మేనల్లుడు సెలవులకు హనుమాన్ జంక్షన్ వచ్చి, చిన్నరసాలు జుర్రుతూ నాకూ పాఠం చెప్పాడు. 'మా మామిడిపండు' అంటే 'నుయెస్త్రో మాంగో', 'మా ఇల్లు' అంటే 'నుయెస్త్రా కాసా'. సొంతదారు ఆడో మగో పట్టదు, వస్తువు లింగాన్ని బట్టే మాట మారుతుంది. 'సు' అంటే అతని, ఆమె, వాళ్ల, మీ... అన్నీనట. ఎవరిదో సందర్భాన్ని బట్టి తెలుసుకోవడమే!

మరి 'మా', 'మన'? రెండింటికీ ఒకటే మాటట. తెలుగులో అలా కుదరదు. నూజివీడు దారిలోని తోటను అక్క ఎప్పుడూ 'మన తోట' అనేది. అన్నయ్య ఆమెతోనే 'మా తోట' అంటాడు. ఆ 'మా'లో నేనున్నాను, అక్క లేదు. మొన్న హక్కు వదులుకుంటూ సంతకం పెట్టి లేచింది.

"మీ తోట కాపు బాగుందన్నయ్యా" అంది.