చిన్న యజమానికీ ఒక కుర్చీ

పారిస్‌కు పశ్చిమాన లా దెఫాన్స్ స్టేషన్‌లో దిగి పైకొస్తే అన్నీ తలెత్తి చూడాల్సిన అద్దాల టవర్లే. చమురు, విద్యుత్తు, బ్యాంకులు, బీమా... ఫ్రాన్స్‌లోని పెద్ద కంపెనీలు చాలానే అక్కడ కొలువుదీరాయి. చిన్న, మధ్యతరహా సంస్థల యజమానుల సమాఖ్య సీపీఎంఈ ప్రధాన కార్యాలయం కూడా ఆ చుట్టుపక్కలే, టెర్రాస్ బెల్లినిలో ఉంది. నలభై మందికి పని చూపించే మనిషి మాట ఆ దేశంలో ప్రభుత్వం దాకా ఏ దారిన వెళ్తుందో చూడాలని బయల్దేరాను. ఆ దారికి ఈ కార్యాలయం ఒక కొస. రెండో కొస ఆల్ప్స్ కొండల కింది వర్క్‌షాపుల్లో ఉంది.

సమాఖ్య పుట్టింది 1944లో. జర్మన్ ఆక్రమణ నుంచి దేశం బయటపడుతున్న రోజులవి. పరిశ్రమలను మళ్లీ నిలబెట్టే పనిలో పెద్దవాళ్ల మాటే చెల్లుతుందని, చిన్నవాళ్లకు వేరే గొంతు ఉండి తీరాలని లియోన్ జాంజాంబ్ర్ దీన్ని స్థాపించాడు. 1978 దాకా ఆయనే అధ్యక్షుడు. ఇప్పటి పేరు 2017లో వచ్చింది. 2015 నుంచి పదేళ్లు సారథ్యం వహించిన ఫ్రాన్స్వా అస్లాన్‌ది వడ్రంగం పనిలో పేరున్న కుటుంబ సంస్థ. 2019లో కాలిపోయిన నోత్రదామ్ చర్చి శిఖరాన్ని మళ్లీ కట్టిన సంస్థల బృందంలో అదీ ఉంది. 2025 జనవరి నుంచి అమీర్ రెజా తోఫిఘీ అధ్యక్షుడు.

ఫ్రాన్స్‌లో కార్మిక చట్టాలను పార్లమెంటు ఒక్కటే తయారు చెయ్యదు. చాలా విషయాలపై ముందు యజమాని సంఘాలూ కార్మిక సంఘాలూ ఎదురెదురుగా కూర్చుని ఒప్పందానికి వస్తాయి. యజమానుల వైపు జాతీయ స్థాయిలో ప్రధానంగా మూడు సంఘాలున్నాయి: పెద్ద సంస్థల పట్టు ఎక్కువగా ఉన్న మెదెఫ్, సీపీఎంఈ, చేతివృత్తులవాళ్లూ చిన్న దుకాణదారులూ డాక్టర్లూ లాయర్ల వంటి వృత్తినిపుణులూ ఉన్న యూ2పీ. ఎవరి బలమెంతో ప్రభుత్వం నాలుగేళ్లకోసారి లెక్క తీస్తుంది. 2021 లెక్కలో సీపీఎంఈ కింద సుమారు 2,43,000 సంస్థలు తేలాయి, మెదెఫ్ కింద సుమారు 1,26,000. ఉద్యోగుల లెక్కకు వచ్చేసరికి మాత్రం దాదాపు మూడింట రెండు వంతులు మెదెఫ్‌వే. కార్మిక న్యాయస్థానాల్లో యజమానుల స్థానాలను పంచేటప్పుడు సంస్థల సంఖ్యకు 30 శాతం, ఉద్యోగుల సంఖ్యకు 70 శాతం విలువ కడతారు. అంటే తలుపుల లెక్కలో ముందున్నవాళ్లు తలల లెక్కలో వెనకబడతారు. చిన్నవాళ్ల సంఘం ఊరూరా తిరిగి ఒక్కొక్క సభ్యుణ్ణీ కూడగట్టుకోవాల్సిన అగత్యం ఇక్కడే ఉంది.

ఆ ఊళ్లలో ఒకటి క్లూజ్. స్విట్జర్లాండ్ సరిహద్దుకు దగ్గర్లో, మోబ్లాన్ మంచుకొండల నుంచి దిగివచ్చే ఆర్వ్ నది ఒడ్డున ఉంది. 18వ శతాబ్దం నుంచి ఈ లోయలో రైతులు చలికాలంలో గడియారాల విడిభాగాలు చేసేవారు. ఆ నైపుణ్యమే తర్వాత సన్నని లోహపు కడ్డీలను లేత్ మీద చెక్కే పరిశ్రమగా మారింది. కార్లకు, విమానాలకు, వైద్య పరికరాలకు కావాల్సిన చిన్న చిన్న భాగాలు ఇక్కడి వందలాది వర్క్‌షాపుల్లో తయారవుతాయి.

నేను వెళ్లిన వర్క్‌షాపు యజమానురాలు తండ్రి నుంచి ఆ బాధ్యత అందుకున్నారు. తలుపు తియ్యగానే కటింగ్ ఆయిల్ వాసన గుప్పుమంది. మిషన్ లోపల కడ్డీ గిర్రున తిరుగుతుంటే దాని మీద నూనె ధారగా పడుతోంది. క్షణాల వ్యవధిలో ఒక్కో ఇత్తడి ముక్క తెగి బుట్టలో రాలుతోంది. ఆమె ఒకటి తీసి గుడ్డతో తుడిచి నా అరచేతిలో పెట్టారు. వడ్లగింజంత ఉంది. దాని మీద మర, మధ్యలో రంధ్రం. ఆ రంధ్రం కొలతలో మిల్లీమీటరులో నూరో వంతు తేడా వచ్చినా కొనేవాళ్లు సరుకంతా తిప్పి పంపేస్తారట. ఓ మూల పెద్ద డ్రమ్ములో ఇత్తడి రజను వేసి గిర్రున తిప్పుతున్నారు. అందులోంచి కారిన నూనె మళ్లీ మిషన్‌కే వెళ్తుంది, రజను కరిగించేవాళ్లకు అమ్ముతారు. ఒక మిషన్ ఆగిపోతే ఆమే చొక్కా చేతులు మడిచి ఆపరేటర్ పక్కన నిలబడి టూల్ మార్చారు.

అక్కడ పనిచేసేవాళ్లు నలభై మందికి పైచిలుకు. ఆర్డర్లున్నాయి, ఇంకో మిషన్ పెట్టేందుకు జాగా ఉంది. కానీ ఉద్యోగులు యాభైకి చేరితే లాభాల్లో వాటా పంచడం తప్పనిసరి అవుతుంది, ఉద్యోగుల కమిటీ అధికారాలు విస్తరిస్తాయి, దాఖలు చెయ్యాల్సిన కాగితాలూ పెరుగుతాయి. “యాభై దాటితే ఆ కాగితాలు చూసుకోవడానికే ఇంకో మనిషి కావాలి” అన్నారామె. ఫ్రాన్స్‌లో 49 మంది దగ్గర ఆగిపోయే సంస్థలు అసాధారణంగా ఎక్కువ. 2019 నాటి ‘పాక్త్’ చట్టం ఈ బిగువును కొంత సడలించింది: వరుసగా ఐదేళ్లు ఆ హద్దు పైన ఉంటేనే లాభాల వాటా వంటి బాధ్యతలు మొదలవుతాయి. చిన్న యజమానుల సంఘం ఏళ్ల తరబడి మోసిన ఫిర్యాదుల్లో ఈ హద్దుల గొడవ ముఖ్యమైనది.

ఆ సంఘం అడగడంతో ఆగదు, తల ఊపాల్సినచోట ఊపుతుంది కూడా. 2023 ఫిబ్రవరిలో కుదిరిన జాతీయ ఒప్పందంపై మెదెఫ్, యూ2పీలతో పాటు సీపీఎంఈ కూడా సంతకం చేసింది. అది చట్టమైంది. 11 నుంచి 49 మంది దాకా ఉండి, వరుసగా మూడేళ్లు అమ్మకాల్లో కనీసం 1 శాతం నికర లాభం చూసిన సంస్థలు 2025 నుంచి ఏదో ఒక రూపంలో ఉద్యోగులకు వాటా ఇవ్వాలి. అది తమకు భారమేనని వర్క్‌షాపు యజమానురాలు దాచలేదు. తమవాళ్లు బల్ల దగ్గర ఉన్నారు కాబట్టే ‘మూడేళ్ల లాభం’ వంటి షరతులు చిన్న సంస్థల చిట్టాపద్దులు తెలిసినట్టుగా వచ్చాయని ఆమె నమ్మకం.

రావాల్సిన డబ్బు ఆలస్యం కావడం ఆమెను ఇంకా ఎక్కువ వేధిస్తోంది. 2008 చట్టం ప్రకారం కొన్నవాళ్లు బిల్లు తేదీ నుంచి 60 రోజుల్లోనో, 45 రోజులు గడిచి ఆ నెలాఖరుకో చెల్లించాలి. గడువు మీరితే కంపెనీలకు 20 లక్షల యూరోల దాకా జరిమానా పడొచ్చు. అయినా తన పెద్ద ఖాతాదారుపై తానే ఫిర్యాదు చేసిన చిన్న యజమానికి రేపటి ఆర్డరు రాదేమోనన్న భయం. మన దేశంలోనూ చిన్న సంస్థలకు 45 రోజుల్లో చెల్లించాలని 2006 చట్టం చెబుతోంది. విజయవాడ ఆటోనగర్‌లో అడిగినా, బాలానగర్‌లో అడిగినా ఇదే భయం చెబుతారు. ఒక్కడు నోరెత్తలేనిచోట ఎత్తడానికే సంఘం ఉండాలి.

క్లూజ్‌కు చేదు గతమూ ఉంది. 1904 జులైలో సమ్మె చేస్తున్న కార్మికులపై క్రెత్తియే గడియారాల ఫ్యాక్టరీ యజమాని కొడుకులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. ఆగ్రహించిన జనం ఫ్యాక్టరీకి నిప్పుపెట్టారు. యజమానికీ కార్మికుడికీ మధ్య మాట తెగిపోతే ఏమవుతుందో ఈ లోయకు బాగా తెలుసు.

మర్నాడు అక్కడికి దగ్గర్లోనే ఉన్న బోన్‌విల్‌లో కార్మిక న్యాయస్థానం ‘ప్రూదోమ్’ విచారణ చూశాను. నెపోలియన్ కాలంలో, 1806లో లియోన్ నగర పట్టుపరిశ్రమ కోసం మొదలైన వ్యవస్థ ఇది. బల్ల వెనక నలుగురు కూర్చున్నారు: యజమానుల వైపు ఇద్దరు, ఉద్యోగుల వైపు ఇద్దరు. నలుగురి మెడలోనూ ఒకే రకం పతకం. వాళ్లలో ఎవరూ వృత్తిరీత్యా జడ్జీలు కారు. వాళ్ల పేర్లను సంఘాలే ప్రతిపాదిస్తాయి. యజమానుల తరఫున ప్రతిపాదించేవాటిలో సీపీఎంఈ ఒకటి. పని నుంచి తీసేసిన ఓ డ్రైవరు ఓవర్‌టైమ్ బకాయి అడుగుతున్నాడు. యజమానుల వైపు కూర్చున్న పెద్దాయనే యజమాని లాయరును ఆపి, పని గంటల పట్టిక ఎందుకు లేదని నిలదీశారు. ఇద్దరిద్దరు చెరోవైపు చీలితే ప్రభుత్వ న్యాయమూర్తి వచ్చి తేలుస్తారు. తీర్పును వాయిదా వేశారు.

చిన్న పరిశ్రమల సంఘమంటే రాయితీల కోసం వినతిపత్రం పట్టుకుని తిరిగేదనే మన దగ్గర చాలామంది లెక్క. ఆ దారిలో వెళ్తే దక్కేది అప్పటికి ఇచ్చింది పుచ్చుకోవడమే. జీతాల మీద, లాభాల వాటా మీద, బకాయిల మీద నిబంధన రాసేచోట చిన్న యజమానికీ కుర్చీ ఉండాలి, ఎదుట కార్మికుడికీ ఉండాలి. కుర్చీ దక్కినవాడు తనవాళ్లు తప్పు చేసినప్పుడు వాళ్లనూ నిలదియ్యాలి. బోన్‌విల్‌లో ఆ పెద్దాయన చేసింది అదే. మన సంఘాలు ప్రభుత్వాన్ని అడగాల్సింది ఆ కుర్చీని, ఆ బరువుతో సహా.