చేప దవడ నేర్పిన పాఠం

పిల్లలూ! నేను శ్రీకాకుళం జిల్లా పొందూరు దగ్గర పనిచేసే రోజుల్లో ఒక అమ్మాయి, "మా మామ్మ చేప దవడతో పత్తి దువ్వుతుందండీ" అన్నది. నేను నవ్వాను. తరగతి అంతా నవ్వింది. ఆ పిల్ల తల వంచుకున్నది.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. మామ్మ వాలుగ చేప దవడతో గింజమీది పత్తిని దువ్వుతున్నది. ఆ సన్నని పళ్ళకు చెత్త ఊడివస్తున్నది; పోగులు బారులు తీరుతున్నవి. నా జేబులోని దువ్వెనతో నేనూ దువ్వాను. పోగులు చిక్కుపడి తెగాయి.

"అది తలకి బాబూ, పత్తికి కాదు!" అన్నది మామ్మ.

ఆ పత్తితోనే నూరో నంబరు నూలు వడుకుతారు. నంబరు పెరిగినకొద్దీ నూలు సన్నం.

సోమవారం, తప్పు నాదేనని తరగతిలో చెప్పాను. ఆ పిల్ల తల ఎత్తింది. మీరూ ఏ పనిముట్టునైనా చేతపట్టి చూడకుండా నవ్వకండి.