పాత కారు – పరీక్ష, నమ్మకం

దేవరకద్ర సంతలో ఎద్దుల జతను కొనబోయే పాలమూరు రైతు మొదట చూసేది కొమ్ములకు పూసిన రంగును కాదు. నోరు తెరిపించి పళ్లు చూస్తాడు, వీపు నిమిరి సుళ్లు చూస్తాడు, కాడి కట్టించి నాలుగడుగులు నడిపిస్తాడు. ‘ఐబు ఏమైనా ఉన్నదా?’ అని అమ్మేవానినే సూటిగా అడుగుతాడు. అడిగినందుకు అమ్మేవాడు నొచ్చుకోడు. ఇంతటి వివేకం గల మన జిల్లాలలో పాత కారు కొనే వేళకు మాత్రం ఈ పరీక్ష మరుగున పడిపోతున్నది. రంగు మెరుపును చూచి, తెలిసినవాని మాటను విని, బయానా చేతిలో పెట్టి వచ్చేవారిని మేము పలువురిని ఎరుగుదుము.

ఒకనాడు ఈ దారులలో కనిపించిన కార్లు అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చి మధ్యతరగతి ఇంటికి కారును దగ్గర చేసినది. 2014లో అంబాసిడరు, మారుతి 800 రెండింటి తయారీ కూడా నిలిచిపోయినది. నేటి కార్లలో కంప్యూటరు చేరినది. కాని పాత కారును పరీక్షించే మూలసూత్రాలు అంతగా మారలేదు. మన విద్యార్థులలో అనేకుల ఇళ్లకు రాబోయే మొదటి కారు పాత కారే కావచ్చును. అందుచేత ఈ నాలుగు మాటలు.

మా మిత్రుడొకరు తమ భవిష్యనిధి నుండి కొంత సొమ్ము తీసి పాత కారు కొనదలచినారు. విలాసానికి కాదు. వృద్ధురాలైన తల్లిని నెలకు రెండుమార్లు నల్లగొండ నుండి హైదరాబాదు ఆసుపత్రికి తీసుకొని పోవలసి ఉన్నది. నార్కట్‌పల్లి దాటిన తరువాత ఏ అర్ధరాత్రో బండి నిలిచిపోతే ఆ ఇంటికి అది ప్రాణసంకటమే. కనుక మేము కూడ వారి వెంట వెళ్లినాము.

మొదట చూచిన కారు ఒక పరిచయస్థునిది. అద్దంలా మెరుస్తున్నది. మీటరు నలభై వేల కిలోమీటర్లు మాత్రమే చూపుతున్నది. కాని మేము వెళ్లేసరికే బానెట్టు వేడిగా ఉన్నది. ముందే నడిపి ఉంచిన ఇంజను తన రోగాన్ని దాచుకుంటుంది. రాత్రంతా చల్లబడి, తెల్లవారి మొదటిసారి స్టార్టు చేసినప్పుడే నిజం చెబుతుంది. మరునాటి ఉదయం వస్తామన్నాము. ‘ఏంది సార్, మనలో మనకు ఇంత అనుమానమా?’ అన్నాడాయన. మొహమాటంతో మిత్రుని ముఖం చిన్నబోయినది. అయినను వెళ్లినాము. పొగగొట్టం నుండి నీలిపొగ వచ్చినది; ఇంజను ఆయిలు మండిపోతున్నదని దాని అర్థం. నలభై వేలే తిరిగినదన్న బండికి బ్రేకు పెడలు రబ్బరు నున్నగా అరిగి ఉన్నది. సీటు బెల్టును చివరిదాకా లాగితే మట్టిచార; కింద పరచిన తివాచీని ఎత్తితే ముక్కవాసన. 2020 అక్టోబరు వరదలలో హైదరాబాదులో కార్లు నీట మునిగి కొట్టుకొనిపోయిన దృశ్యాలు మనం మరువలేదు. ఈ బండి కూడ ఎప్పుడో ఒకప్పుడు నీట మునిగినదేనని మాకు తోచి, నమస్కారం చెప్పి వచ్చినాము. పైన పటారం, లోన లొటారం అని పెద్దలు ఊరకనే అనలేదు.

రెండవ కారు జడ్చర్లలో పదవీ విరమణ చేసిన ఒక ఉద్యోగిది. మీటరు లక్ష దాటినది. ఎడమ తలుపు సొట్ట తీయించి రంగు వేయించినట్లు, క్లచ్చి మార్పించినట్లు మేము అడుగకముందే చెప్పి, రసీదులు చూపినారు. ఆయన ప్రయాణాలలో అధికభాగం జాతీయ రహదారి మీదనే. సమవేగంతో రహదారిపై తిరిగిన లక్ష కిలోమీటర్లు, గుంతల బాటలలో ఆగుతూ గేర్లు మారుస్తూ తిరిగిన యాభై వేల కన్న బండిని తక్కువగా అలయించవచ్చును. మిత్రుడు దానినే కొన్నారు. ఆ తల్లి ప్రయాణం ఇంతవరకు నడిదారిలో ఆగలేదు.

మీటరు చెప్పేది ఒక వాఙ్మూలం మాత్రమే. దానిని దిద్దడం నేటికీ అసాధ్యం కాదు. పెడలు, స్టీరింగు, సీటు అరుగుదల, సర్వీసు పుస్తకం, ఇవి సాక్షులు. టైరు పక్కన అచ్చొత్తిన నాలుగంకెలలో మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి: 2319 అనగా 2019వ సంవత్సరపు 23వ వారం. ఇంజను వేడెక్కిన తరువాత కూడ తగ్గని తెల్లపొగ, చల్లబరచే నీరు సిలిండరులోనికి చేరుతున్నదనడానికి గుర్తు కావచ్చును. తలుపుల సందులు రెండు వైపులా సమానంగా లేకుంటే, అయస్కాంతం అంటవలసిన ఇనుప రేకుకు అంటకుంటే, అక్కడ పుట్టీ ఉన్నదేమోనని అనుమానింపవలెను. మన్ననూరు దాటి నల్లమల ఎక్కే దారి వంటి ఎత్తులో, ఇంజను రొద పెరిగి వేగం పెరగకుంటే క్లచ్చి జారుతున్నదన్నమాట. మన ఎండలలో ఏసీ వేసి, బండిని నిలిపి ఉంచి, వేడిముల్లు పైకి పోతున్నదేమో చూడవలెను. మెకానిక్కును మాత్రం మనమే తీసుకొనిపోవలెను.

ఇక కాగితాలు. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్‌సీతో సరిచూడవలెను. అప్పు మీద కొన్న బండి అయితే బాకీ తీరినట్లు 35వ ఫారం, పేరు మార్పునకు 29, 30 ఫారాలు, పరరాష్ట్రపు బండికి 28వ ఫారం కావలెను. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం కొన్నవాడు 30 రోజులలోగా పేరు మార్పునకు తెలియజేయవలెను. అమ్మినవానికీ ఇది ముఖ్యమే. రిజిస్ట్రేషను ఎవరి పేర ఉన్నదో వారే యజమాని అనీ, ప్రమాద పరిహారపు బాధ్యత వారిదే అనీ 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

ఇంతగా శోధించడం ఎదుటివానిని అవమానించడం కాదా? కాదని మా అభిప్రాయం. అమెరికా ఆర్థికశాస్త్రవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల బజారునే ఉదాహరణగా తీసుకొని ఒక వ్యాసం ప్రకటించినారు. 2001లో నోబెల్ బహుమతిని మరి ఇద్దరితో కలిసి అందుకొన్నారు. ఆ దేశంలో చెడ్డ కారును ‘నిమ్మకాయ’ అంటారు; నిమ్మతోటలకు పేరుపడిన నల్లగొండవారికి ఈ నింద వింతగా తోచవచ్చును! బండి గుణం అమ్మేవానికే తెలిసి కొనేవానికి తెలియనప్పుడు, కొనేవాడు అన్నిటికీ ఒకే నడిమి ధర ఇవ్వజూపుతాడు. ఆ ధర మంచి బండి యజమానికి గిట్టదు. అతడు తప్పుకొంటాడు, బజారులో చెడ్డవే మిగులుతాయి. కాబట్టి అడిగి, ఎత్తి, తడిమి చూచేవాడు నిజాయితీపరునికి శత్రువు కాడు, అతని సరుకుకు తగిన విలువ కట్టే మిత్రుడు. జడ్చర్ల పెద్దమనిషి దాచిన రసీదులకు విలువ వచ్చినది వాటిని చదివేవారు ఉన్నందువలననే.

విద్యార్థి మిత్రులారా! నేడు కొనే మీరు రేపు అమ్మేవారు కూడ అవుతారు. ఐబు, బయానా, రసీదు – ఈ మూడు మాటలూ ఉర్దూ నుండి వచ్చి మన తెలుగు బజారు మాటలైనవి. మొదటిది చెప్పిన తరువాతనే రెండవది పుచ్చుకొనండి. మూడవది ఇవ్వడం మరువకండి.