పూర్వప్రతి రక్షణ: ఒక పరిష్కర్త అనుభవం

గ్రంథ పరిష్కరణంలో అడుగుపెట్టిన విద్యార్థికి గురువులు మొదట చెప్పే నియమం ఒకటి ఉన్నది. పరిష్కర్త గ్రహించిన పాఠం పంక్తిలో నిలుస్తుంది. త్యజించిన పాఠం అధస్సూచికలో నిలుస్తుంది. త్యజించినది కదా అని నశింపజేసే అధికారం పరిష్కర్తకు లేదు. పుణేలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో ఆరంభించి 1966లో ముగించిన మహాభారత సంశోధిత ప్రతిలో అనేక పుటలలో మూలం కంటె దాని క్రింది పాఠాంతరాలే అధికస్థలం ఆక్రమించి ఉండడానికి ఈ నియమమే కారణం. దీనిని ముప్పది సంవత్సరాలు బోధించిన వ్యాకరణ పండితులొకరు, కంప్యూటర్‌లో వ్రాసుకొన్న సొంత ఫైలు విషయంలో దానిని మరచి పొందిన నష్టం పరిశోధకులందరూ విచారింపదగినది.

ఆయన ఉద్యోగవిరమణానంతరం అమరకోశంపై తెలుగుదేశంలో వెలసిన ఒక అముద్రిత వ్యాఖ్యను పరిష్కరించడానికి పూనుకొన్నారు. మూడు ప్రతులు లభించాయి. క, ఖ అనేవి గ్రంథాలయాలలోని కాగితపు ప్రతులు. గ అనేది ఒక అగ్రహారంలో గృహస్థుల ఇంటి అటకపై ఉన్న తాటాకుల కట్ట. ఇంటివారు దానిని గడప దాటనీయలేదు. ఛాయాచిత్రాలు తీయడానికీ సమ్మతించలేదు. పండితులు ఒక వేసవి అంతా ఆ ఇంటి వసారాలో కూర్చుండి, ఆకులకు మసి పూసి అక్షరాలు తేల్చుకొంటూ పాఠాలను ఎత్తి వ్రాసుకొన్నారు. ప్రథమ కాండకు నోటుపుస్తకం వాడారు. అంతలో మనుమడు ల్యాప్‌టాప్ కొనిపెట్టగా, ద్వితీయ తృతీయ కాండల పాఠాలను నేరుగా అందులోనే ఎక్కించారు.

క, ఖ లతో గ విభేదించిన చోట్లు చాలా ఉన్నాయి. గ ప్రతి లేఖకుడు అల్పజ్ఞుడని, అవన్నీ లేఖక ప్రమాదాలే అని ఆయనకు క్రమంగా నిశ్చయం కలిగింది. సూచికల భారం తగ్గించదలచి ఒకనాటి మధ్యాహ్నం నూటికి పైగా పాఠాలను ఫైలు నుండి తొలగించారు. ఆ రాత్రి యథాప్రకారం బ్యాకప్ జరిగింది. ప్రతి రాత్రీ ఫైలు నకలు వేరొక హార్డ్ డిస్కులోనికి వెళ్లేటట్లు మనుమడు ఏర్పాటు చేసి ఉన్నాడు. నిన్నటి నకలు స్థానంలో నేటి నకలు కూర్చున్నది.

ఏడాది గడచిన తరువాత మరొక గ్రంథాలయంలో ఘ అనే నాల్గవ ప్రతి బయటపడింది. దానిని చూస్తుండగా ఒక పాఠం ఎక్కడో చూచినట్లు తోచింది. మరికొన్ని ఆకులు తిప్పగా మరొకటి అట్లే తోచింది. దూరప్రాంతంలో వ్రాసిన ఈ ప్రతి గ తో ఏకీభవిస్తున్నదేమో, క, ఖ లు ఒకే మాతృక నుండి దిగి ఒకే తప్పును పంచుకొన్నవేమో అన్న సందేహం కలిగింది. అదే నిజమైతే అల్పజ్ఞుడనుకొన్న లేఖకుడే ప్రాచీన పాఠాన్ని కాపాడినవాడు. నిర్ణయించడానికి గ పాఠాలు కావాలి. అవి ఫైలులో లేవు, డిస్కులో లేవు. అగ్రహారానికి పోయి చూస్తే ఇల్లు పడగొట్టి ఉన్నది. చెదలు పట్టిన ఆకులను గోదావరిలో కలిపామని ఇంటి పెద్ద చెప్పారు.

“తాతయ్యా, ఫైలుకు నకలు తీశాను గాని, పాత నకళ్లను ఉంచాలని నాకు తోచలేదు. మీరు చెరిపినదంతా అక్కడా చెరిగిపోయింది” అన్నాడు మనుమడు తలవంచుకొని.

విచారిస్తే ఫైలుకు వచ్చే ఆపదలు రెండు విధాలు. యంత్రం చెడడం, దొంగతనం, నీరు, నిప్పు మొదటి విధం. వీటికి నేటి స్థితికి నకలు వేరొక చోట ఉంటే చాలును. పొరపాటున చెరపడం, ఒక పదాన్ని ఫైలంతటా మార్చబోయి వేరొక పదాన్ని కూడా మార్చడం, బుద్ధిపూర్వకంగా తొలగించి తరువాత పశ్చాత్తాపపడడం రెండవ విధం. ఇవి వెంటనే బయటపడవు. బయటపడేనాటికి దోషం నకలులోనికీ ప్రవేశించి ఉంటుంది. పూర్వరూపాలను విడిగా నిలుపుకొన్నవారికే దీనికి ప్రతీకారం ఉన్నది.

కంప్యూటర్ నిపుణులు చాలాకాలంగా పాటిస్తున్న ఒక పద్ధతికి తాత-తండ్రి-కొడుకు అన్న అర్థం వచ్చే పేరే ఉన్నది. ప్రతిదినం తీసే నకలు కొడుకు, వారానికొకటి తండ్రి, నెలకొకటి తాత. శ్రాద్ధంలో పితృపితామహప్రపితామహులను నామగోత్రాలతో స్మరించి, అంతకు పూర్వులను లేపభాగులుగా గ్రహించే సంప్రదాయం ఎరిగినవారికి ఈ ఏర్పాటు క్రొత్తగా తోచదు. ఆపిల్ సంస్థ 2007లో వెలువరించిన టైమ్ మెషీన్ కడచిన 24 గంటలకు గంటకొకటి, కడచిన నెలకు దినానికొకటి, అంతకు పూర్వకాలానికి వారానికొకటి చొప్పున పాత రూపాలను నిలిపి, డిస్కు నిండినపుడు అన్నింటికంటె పాతవానిని తొలగిస్తుంది. సమీపకాలం దట్టంగాను, దూరకాలం పలుచగాను ఉంటాయన్నమాట.

అయితే పై పండితుల దోషం తేలినది ఏడాదికి. పరిశోధకుని పని సంవత్సరాల తరబడి సాగేది కనుక దినాల, వారాల లెక్క ఒక్కటే చాలదు. ఒక ప్రతితో పాఠాలు సరిచూడడం ముగిసినపుడు, పెద్ద మార్పు చేయబోయే ముందు, ముద్రణకు పంపేటపుడు ఆనాటి ఫైలును తేదీతో వేరుగా దాచి, ఎన్నటికీ తొలగించకుండా ఉంచుకోవలెను. ‘చివరిది’, ‘అసలు చివరిది’ అన్న పేర్లు కొంతకాలానికి పెట్టినవారికే తెలియకుండా పోతాయి. 2023-08-14 అన్నట్లు సంవత్సరం, మాసం, దినం వరుసగా పేరు మొదటనే చేర్చితే ఫైళ్లు తమంత తామే కాలక్రమంలో నిలుస్తాయి.

ఇన్నింటిని దాచడానికి చోటు చాలునా అన్న శంక అక్కరలేదు. మాటలు మాత్రమే గల ఫైలు సాధారణంగా ఒక ఛాయాచిత్రమంత స్థలమైనా కోరదు. స్థలం ఆదా చేసే ఉపాయాలూ ఉన్నాయి. 1980లలో వాల్టర్ టిఖీ రూపొందించిన ఆర్‌సీఎస్ అనే సాధనం తాజా రూపాన్ని పూర్తిగా ఉంచి, పూర్వరూపాలకు దానితో గల భేదాలను మాత్రమే భద్రపరుస్తుంది. పైన మూలం, క్రింద పాఠాంతరాలు ఉంటే ఏ ప్రతి పాఠాన్నైనా తిరిగి కూర్చుకోవచ్చు కదా, ఇదీ అటువంటిదే. మూలం చెడితే భేదాలు నిరర్థకాలు కనుక నడుమ నడుమ పూర్ణప్రతులు కూడా తీయవలెను.

మరి రెండు జాగ్రత్తలు ఉన్నాయి. యూనికోడ్‌కు పూర్వపు ఫాంట్లలో కూర్చిన తెలుగు ఫైళ్లు, ఆ ఫాంటు లేనిచోట అర్థంకాని గుర్తులుగా కనిపిస్తాయి. వాటిని యూనికోడ్‌లోనికి మార్చినా పాత ఫైలును, దాని ఫాంటును కలిపి దాచుకోవలెను. మార్పిడిలో సంయుక్తాక్షరాలు చెదరితే సరిచూచుకోవడానికి అదే ఆధారం. రెండవది, దాచిన పాత రూపాన్ని అప్పుడప్పుడు తెరిచి చూడవలెను. తెరుచుకోని నకలు ఉన్నా లేనట్లే.

పండితుల ప్రయత్నానికి కొంత ఫలం దక్కింది. ప్రథమ కాండ పాఠాలున్న నోటుపుస్తకం పాత పెట్టెలో దొరికింది. అందులో ఆయన కొట్టివేసిన పాఠాలు సైతం గీత క్రింద స్పష్టంగా చదవడానికి వీలుగా ఉన్నాయి. వానిని ఘ తో పోల్చగా అనేక స్థలాలలో రెండూ కలిసాయి. ఆ కాండలో మూలాన్ని ఆయన మార్చుకొన్నారు. తక్కిన రెండు కాండలకు ఆ ఆధారం లేదు. జీవితమంతా ఇతరుల విషయంలో ‘లేఖక ప్రమాదం’ అని వ్రాసిన ఆయన, పీఠికలో ద్వితీయ తృతీయ కాండల గ పాఠాలు పరిష్కర్త ప్రమాదం వల్ల నష్టమైనవని ఒక వాక్యం చేర్చారు. ఆ వాక్యం గల ఫైలును నాటి తేదీతో వేరుగా దాచమని మనుమడికి చెప్పారు.